నీళ్లు చల్లిన కాయ

కోడలు మూడు ప్రశ్నలు అడిగింది. రెండింటికి కురుమూర్తి కూర్చున్న చోటి నుంచే జవాబు చెప్పాడు. మూడోది విని లేచి చెప్పులు వేసుకున్నాడు.

"సంచికి ఎన్ని కిలోల గింజ పడ్తది మామా?" అన్నది మొదటిది.

"యాభై. వెనక ఎనభై కిలోల సంచులుండె. ఇప్పుడు హమాలీలు ఎత్తుతలేరు."

"ఇదంతా ఎక్కడికి పోతది?"

"నాలుగు పాళ్లల్ల మూడు పాళ్లు గద్వాల శివశంకర్‌కు. పల్లిపట్టి చేస్తడు గద."

కోడలు సౌందర్య రాసుకుంది. ఒళ్లో నోట్‌బుక్కు, పళ్ల మధ్య పెన్ను మూత. కాసేపాగి, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా మూడోది అడిగింది.

"ఆ పల్లిపట్టి తిని ఎవరికన్నా ఏమన్నా అయితే, అది ఎవరి మెడకు పడ్తది మామా?"

ముప్పై ఏళ్లుగా ఆత్మకూరులో పల్లి మిల్లు నడుపుతున్న మనిషి కురుమూర్తి. ఎదుటివాడి ప్రశ్నను బట్టి వాడెందుకు వచ్చాడో చెప్పగలడు. ధర అడిగేవాడు కొనడానికి వచ్చినవాడు. ధర అడగకుండా సరుకు పుట్టుపూర్వోత్తరాలు అడిగేవాడు కొనడానికి రాలేదు, ఇంకేదో పని మీద వచ్చాడు. కోడలు ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లలో ఏనాడూ మిల్లు గురించి నోరెత్తని పిల్ల.

"ఎందుకు బిడ్డా, గిదంత?" అన్నాడు చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

"లా కాలేజీల అసైన్‌మెంట్ మామా. చెడిపోయిన తిండికి తయారు చేసినోళ్ల బాధ్యత ఏంది, ఎంతవరకు అని. మా లలితమ్మ మేడం పుస్తకంల చూసి దింపుకొస్తే సున్నా వేస్త అన్నది. ఏదన్న ఒక తినే వస్తువు పట్టుకొని, నోటికాడి నుంచి వెనక్కి నడుచుకుంట పోవాలె. ఎన్ని చేతులు మారింది, ఏ చేయి ఏం చేసింది, వాళ్ల మాటల్లనే రాసి, సంతకం తేవాలె. శుక్రవారం ఇచ్చేది."

"మరి పల్లిపట్టే దొరికిందా నీకు?"

"మొన్న తిమ్మాజిపేట నుంచి వస్తుంటే నాగర్‌కర్నూల్ బస్టాండ్ల నాలుగు కొన్న. మూడు తిన్న. మూడూ చేదే. నాలుగోది తినలే, దాచిపెట్టిన."

దాచిపెట్టిన అన్న మాట కురుమూర్తి వెంట మిల్లు దాకా వచ్చింది. మిల్లు ఇంటి వెనకే, నలభై అడుగుల దూరం. మిషన్ ఆగి ఉంది. పొట్టు కుప్ప మీద కోళ్లు తిరుగుతున్నాయి. చేదు గింజ వస్తే జనం ఉమ్మేస్తారు, పారేస్తారు. దాచిపెట్టేవాళ్లు పారేయడానికి పెట్టుకోరు.

పైగా ఆ పిల్ల పుట్టిల్లు తిమ్మాజిపేట. ఆమె అన్న జగదీశ్ దసరా వెళ్లగానే అక్కడ ఒక పల్లి మిషన్ బిగించాడు. శివశంకర్‌కు రెండుసార్లు నమూనా గింజలు పంపాడని గద్వాల నుంచి వచ్చిన డ్రైవరు చెప్పాడు. శివశంకర్ ఆర్డరు పోతే కురుమూర్తి మిల్లులో మిషన్ వారానికి రెండు రోజులు కూడా తిరగదు. కొడుకు శ్రవణ్ కుమార్ పల్లికాయ కొనడానికి రాజోలి దిక్కు పోయి నాలుగు రోజులైంది. కొడుకు ఇంట్లో లేని వారమే కోడలికి ఈ పని ఎందుకు తగిలింది?

సాయంత్రం భార్య అనంతమ్మ దగ్గర ఆ మాటే ఎత్తాడు.

"నీ కోడలు కాలేజీ పని చేస్తుందో, అన్న పని చేస్తుందో చూడు జర."

"నీకు నీ నీడ మీద గూడ అనుమానమే," అంది అనంతమ్మ చాటలో బియ్యం చెరుగుతూ. "ఆ నీడెందుకు నీ ఎనక తిరుగుతుందో ముందు దాన్ని అడుగు పో."

కురుమూర్తి ఇక వాదించలేదు. పోతున్న బండికి అడ్డం నిలబడితే కాళ్లు విరుగుతాయి. ఎక్కి కూర్చుంటే కనీసం ఎటు పోతుందో తెలుస్తుంది. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డులో తనకూ పనుందన్నాడు. సౌందర్య ముఖం విప్పారింది.

"మంచిగైంది మామా. ఒక్కదాన్నే పోతే ఎవరూ సరిగ మాట్లాడరు."

ఆ సంతోషాన్ని కూడా కురుమూర్తి ఒకసారి తిప్పి చూశాడు. దొంగ నోటులాంటిది ఏమీ కనబడలేదు. అయినా జేబులో వేసుకోలేదు.

*

వనపర్తిలో బస్సు మారి, నాగర్‌కర్నూల్ చేరేసరికి పదకొండయింది. బస్టాండు పక్కన ఆ దుకాణం నాలుగు అడుగుల బల్ల, వెనక రేకు. అలివేలమ్మ అనే ఆమె నడుపుతోంది. గాజు జాడీల్లో పల్లిపట్టీలు, జీడీలు, కారప్పూస. సౌందర్య పేరు, కాలేజీ, వచ్చిన పని అన్నీ చెప్పింది. అలివేలమ్మ విన్నట్టే విని, చూపు మాత్రం వెనక నిలబడ్డ కురుమూర్తి మీద పెట్టింది.

"ఈయనెవరు? ఆఫీసరా?"

"మా మామ."

"ఆఫీసర్లు గూడ గట్లనే వస్తరు తల్లీ, ముందు ఆడపిల్లను మాట్లాడనిచ్చి."

కురుమూర్తికి లోపల్లోపల బాగానే అనిపించింది. తన తెల్లచొక్కా ఇంకా పనిచేస్తోంది.

"ఈ పల్లిపట్టీలు ఎప్పుడు కొన్నరమ్మా? బిల్లు ఉంటదా?" అడిగింది సౌందర్య.

"పల్లిపట్టికి బిల్లు! రేపు చాయ్‌కు గూడ రసీదు అడుగుతవ్." అలివేలమ్మ పక్కనున్న అరటిపళ్లాయన దిక్కు తిరిగి నవ్వింది. కానీ బల్ల కింద నుంచి ఒక అట్ట తీసింది. దానికి గుచ్చి నాలుగైదు కాగితాలున్నాయి. పైదే శివశంకర్ బండివాడు ఇచ్చిన చీటీ. తేదీ కూడా ఉంది. సౌందర్య దాన్ని ఫోనులో ఫోటో తీసుకుంది.

ఇక్కడే తెంపేస్తే మంచిదనిపించింది కురుమూర్తికి. తప్పు ఈ బల్ల దగ్గరే దొరికితే ఇక వెనక్కి నడిచే పని ఉండదు.

"జాడీలు ఎండల పెడ్తరు. పొద్దంత ఎండ తగిలితే చేదెక్కదా మరి?" అన్నాడు.

అలివేలమ్మ అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూసింది. "ఎండకు బెల్లం కరుగుతది, గింజ చేదు గాదు. గిది తెల్వదా నీకు? పల్లి యాపారమే గద నీది?"

"ఎవరు చెప్పిన్రు?"

"నీ గోర్లు చెప్తున్నయ్. పొట్టు ఎర్రగ దిగింది."

కురుమూర్తి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సౌందర్య నవ్వాపుకుంటూ కాగితం చాపింది. సంతకం మాత్రం అలివేలమ్మ పెట్టనంది.

"నోటి మాట రాసుకో. నేను చేసింది లేదు, కలిపింది లేదు. వచ్చింది వచ్చినట్టు అమ్మిన. చేదున్నదని ఎవరన్నా తెచ్చిస్తే ఇంకోటి ఇచ్చిన. గంతే."

సౌందర్య ఒక్క అక్షరం మార్చకుండా రాసింది. పోయేముందు అలివేలమ్మ ఆమె చేతిలో ఒక జీడీ పెట్టి, "ఇది చేదు కాదులే, నువ్వులది," అంది.

తిరుగు బస్సులో కురుమూర్తి కిటికీ దిక్కు చూస్తూ, ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాడు.

"ఇప్పుడు ఆమె మీద కేసు అయితదా?"

"ఆమె చెడ్డ సరుకని తెలిసి అమ్మిందా, తెల్వక అమ్మిందా, దాని మీద ఉంటది మామా. ఎవరి దగ్గర కొన్నదో చూపిస్తుంది. మంచిగ మూతపెట్టి ఉంచింది. ఆమె చాలావరకు బయటపడ్తది."

"మరి చేసినోడు?"

"చేసినోనికి గట్ల కాదు. తన పేరు పెట్టి బయటికి పంపినంక, నాకు తెల్వదు అంటే నడవదు. తెలుసుకోవాల్సిందే ఆయన పని."

కురుమూర్తికి ఊపిరాడింది. కవరు మీద ఉన్నది శివశంకర్ పేరు. కిటికీలోంచి వనపర్తి గుట్టలు కనబడేదాకా ఆగి, మెల్లగా అడిగాడు.

"గింజ ఇచ్చినోనికి?"

"ఆయన గూడ తిండి సరుకు అమ్మెటాయనే గద. ఆయనకు తెలుసా, తెల్వదా అన్నదే ముందు చూస్తరు."

తెల్వదు. మంచి మాట. తూకానికి రాదు, పన్ను పడదు, ఎక్కడైనా చెల్లుతుంది. మిల్లు మొత్తాన్ని ఆ ఒక్క మాట మీద నిలబెట్టొచ్చు అనుకున్నాడు కురుమూర్తి.

*

బుధవారం పొద్దున జూరాల కట్ట మీదుగా గద్వాల పోయారు. బండి మీద సౌందర్య వెనక కూర్చుని, కట్ట కింద నీళ్లను చూస్తూ ఏదో మాట్లాడుతూనే ఉంది. కురుమూర్తి సగమే విన్నాడు. తాము వస్తున్నట్టు శివశంకర్‌కు ముందే ఫోన్ చేసి చెప్పాడు. చెప్పకపోతే అనుమానిస్తాడు, చెబితే జాగ్రత్తపడతాడు. రెండింటిలో రెండోదే తనకు లాభం.

శివశంకర్ జాగ్రత్తపడ్డాడు. కార్ఖానా ముందు కడిగిన నేల ఇంకా తడిగా ఉంది. లోపల వేయించే డ్రమ్ము తిరుగుతోంది. పెద్ద మూకుడులో బెల్లం పాకం బుడబుడమంటోంది. పని చేసే ఆడవాళ్లందరి తలలకు కొత్త టోపీలున్నాయి, మడతలు కూడా పోలేదు. ఒకామె అప్పడాల కర్రతో పట్టీని పరిచి, చెక్క బద్ద ఆనించి గీతలు కోస్తూ, మాటిమాటికీ టోపీ పైకి తోసుకుంటోంది.

శివశంకర్ నలభై దాటని మనిషి, మెత్తగా మాట్లాడతాడు. సౌందర్య కాగితం తీయకముందే తనే ఒకటి చేతికిచ్చాడు. టైపు చేయించి, ముద్ర వేసి, సంతకం కూడా పెట్టేశాడు.

"అడుగుతరని మామ చెప్పిండు గదమ్మా, రెడీ చేసి పెట్టిన. ప్రతి సంచి విప్పి, చేత్తో చూసి, తేమ కొలిచి తీసుకుంటం. అన్ని అండ్ల ఉన్నయ్."

"తేమ దేంతోటి కొలుస్తరు?"

గోడకు తగిలించిన మీటరు చూపించాడు. అది దుకాణం నుంచి వచ్చిన ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. సౌందర్య దగ్గరికి పోయి, సంచి మీది ధర చీటీ చదువుతోంది. శివశంకర్ ఆమె వెంట పోయి, అది ఎంత ఖరీదైనదో చెబుతున్నాడు.

ఆ సందులో కురుమూర్తి గోడౌన్ దిక్కు నడిచాడు. గింజల సంచులు నేల మీదే, గోడకు ఆనించి పేర్చి ఉన్నాయి. ముందు వరసలో చివరి సంచి మీద నీలి రంగులో తన మిల్లు గుర్తు, కింద తేదీ. ఆ తేదీ చూడగానే ఆ రోజు గుర్తొచ్చింది. సంక్రాంతి ముందు మబ్బు పట్టిన వారం. కాయ ఒలిచిన గంటకే లారీ వచ్చి నిలబడితే, ఆరబెట్టకుండానే సంచులు కుట్టించి ఎక్కించాడు. ఇప్పుడు సంచి అడుగున చెయ్యంత వెడల్పున గోనె నల్లబడి ఉంది. ముక్క వాసన.

ముప్పై ఏళ్లు సంచులతో బతికినవాడి చేయి ఆలోచన కోసం ఆగదు. మోకాలు సంచి నడుముకు ఆనించి, చెవులు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. గుర్తు గోడ దిక్కు పోయింది. బోడి గోనె ఇటు వచ్చింది. చేతులు దులుపుకుని తిరిగితే, గుమ్మంలో సౌందర్య నిలబడి ఉంది.

ఆమె సంచిని చూడలేదు, అతని చేతుల్ని చూసింది. నోట్‌బుక్కు తెరిచి పొట్టి ముక్క ఏదో రాసుకుంది.

బయటికొచ్చాక శివశంకర్ అతని భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు.

"కోడలా అన్నా, ఇన్‌స్పెక్టరా? మీటరు చీటీ మీద తారీఖు గూడ చూసింది."

"చదువుకునే పిల్ల. ఏదో కాలేజీ పని."

"చదువుకోనీ. రేపటి లోడు తప్పదు గద? అరవై సంచులు. నిండు గింజ ఉండాలె, బద్దలుంటే వాపస్. తిమ్మాజిపేట పిల్లగాడు ఒకడు చుట్టూ తిరుగుతుండు. ఆనికి నేను ఇంక మాటియ్యలే."

ఇంక అన్న మాటను కురుమూర్తి దారి పొడుగునా తూచాడు. అన్న బయట తిరుగుతుంటే చెల్లెలు లోపలి నుంచి తలుపు తీస్తోందా? బండి అద్దంలో చూశాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దుమ్ముకు కళ్లు చికిలించి కూర్చుంది. పోయేటప్పుడు మాట్లాడిన పిల్ల వచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు.

*

ఇంటికి చేరేసరికి మూడయింది. మిల్లులో మరుసటి రోజు లోడుకు కాయ సిద్ధమవుతోంది. సిమెంటు నేల మీద నడుమెత్తు కుప్ప పోసి, కాంతమ్మ బకెట్లో చెంబు ముంచి నీళ్లు చల్లుతోంది. ఇంకొకామె పారతో తిప్పుతోంది. పదిహేనేళ్లుగా కాంతమ్మది అదే పని. ఎన్ని చెంబులకు ఎంత కాయ తడుస్తుందో ఆమె మణికట్టుకు తెలుసు.

సౌందర్య చెప్పులు కూడా విడవకుండా మిల్లులోకి వచ్చింది. కురుమూర్తి ఆపడానికి నోరు తెరిచేలోపే అడిగేసింది.

"నీళ్లెందుకు కాంతమ్మక్కా?"

"పొడి బుడ్డకాయ మిషన్ల ఏస్తే గింజ పలిగి బద్దలైతది తల్లీ. బద్దకు రేటు లేదు. జర తడిపితే పొట్టు మెత్తబడి నిండు గింజ జారుతది. అందరు చేసేదే."

"మళ్ల ఆరబెడ్తరా?"

కాంతమ్మ చెంబు పట్టుకుని యజమాని దిక్కు చూసింది. యజమాని మిషన్ బెల్టును చూస్తున్నాడు.

"లారీ ఆగితే ఆరబెడ్తం," అంది కాంతమ్మ. పార పట్టుకున్నామె కిసుక్కుమంది. "ఏ లారీ ఆగుతది తల్లీ? పెండ్లికొడుకు లెక్క హారన్ కొడ్తనే ఉంటడు."

సౌందర్య కూడా నవ్వింది. నోట్‌బుక్కు చేతిలోనే ఉంది. తెరవలేదు. రాసుకుంటే అయినా ఎంత రాసిందో తెలిసేది. రాయకుండా ఇంట్లోకి పోయిన కోడలి వీపు చూస్తే కురుమూర్తికి మొదటిసారి నిజమైన భయం పట్టుకుంది. ఆ పిల్ల తిమ్మాజిపేటకు ఫోన్ చేస్తుందేమోనని గుమ్మం దాకా పోయి చెవి పెట్టాడు. లోపల గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

గురువారం ఏడు గంటలకు కురుమూర్తి చాయ్ గ్లాసు పట్టుకుని వెనక వసారాలోకి వస్తే, అత్తాకోడళ్లు చాట ముందు వేసుకుని కాయ ఒలుస్తున్నారు. చట్నీకి. అనంతమ్మ బొటనవేలితో కాయ మూతి నొక్కితే పటుక్కుమని పగులుతోంది. సౌందర్యకు ఇంకా ఆ ఒడుపు రాలేదు, రెండు చేతులా పట్టి విరుస్తోంది.

"అత్తమ్మా, మిషన్ల దినాం గిన్ని సంచులు ఒలుస్తరు. ఒక గిన్నెడు అండ్లకెల్లి తెచ్చుకుంటే కాదా? వేళ్లు నొస్తున్నయ్."

"మిషన్ గింజ మనం తినం బిడ్డా," అంది అనంతమ్మ తలెత్తకుండా. "తడిపింది. రెండు దినాలకే ముక్క వాసనొస్తది. నేను ఈ ఇంటికొచ్చిన కాడి నుంచి పొడి కాయ ఒక బస్తా వేరే పెడ్తం. మీ మామనే తీసి పెడ్తడు. ఒక్కొక్క కాయ చెవికాడ ఊపి, గలగలమంటేనే బస్తాల ఏస్తడు. తిండి కాడ మస్తు పట్టింపు ఆయనకు."

భర్తను పొగిడినదానిలాగే చెప్పింది ఆమె.

కురుమూర్తి చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టాడు. ఎనిమిది నెలలుగా ఆ కోడలు తింటున్నది ఆ బస్తాలోదే. తెల్వదు అన్న మాటను అతను రెండు రోజులుగా భద్రంగా దాచుకుంటూ వస్తున్నాడు. దాన్ని ఇంటావిడ చట్నీ దగ్గర ఖర్చు పెట్టేసింది.

సౌందర్య తలెత్తి అతన్ని చూసింది. చేతిలోని కాయ విరిచి గింజలు చాటలో వేసింది.

అనంతమ్మ చట్నీకి పొయ్యి దగ్గరికి పోయాక, కురుమూర్తి వసారా గట్టు మీద కూర్చున్నాడు.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. నువ్వు గిదంత మీ అన్న కోసం చేస్తున్నవా?"

సౌందర్య చేతిలోని కాయ చాటలో పడేసింది. "మా అన్న కోసమా?"

"శివశంకర్ కాడికి తిరుగుతుండు గద."

"నాకు తెల్వదు మామా. నిన్న సాయంత్రం మెసేజ్ పెట్టి మా అన్నను గూడ అడిగిన, మీరు నీళ్లు కొడ్తరా అని. మేం పొడి కాయే ఒలుస్తం అన్నడు." చాటలోని పొట్టు ఊది, తలొంచుకుంది. "నమ్మలే."

కురుమూర్తికి నవ్వు రాబోయి ఆగింది.

"మరి నా మీద ఎప్పటి నుంచి అనుమానం?"

"మీ మీద అనుమానమే లేకుండె. మీరు తోడు వస్తుంటే అలివేలమ్మ అంతసేపు మాట్లాడింది, గద్వాలల లోపలికి రానిచ్చిన్రు అనుకుంట వచ్చిన. శివశంకర్ ఆ మీటరు ఎన్నడూ తీయలేదని రాసి ముగిద్దామనుకున్న. మీరు సంచి తిప్పిన్రు. తిప్పకపోతే అండ్ల చూసేదేముంది? నాకు అన్ని సంచులు ఒక్క తీరే కనబడ్తయ్."

మిల్లు దిక్కు నుంచి కాంతమ్మ గొంతు వినబడింది. మిషన్ మొదలుపెట్టాలా అని అడుగుతోంది.

"ఆ చేదు గింజ తింటే ఏమైతది?" అన్నాడు కురుమూర్తి.

"ఒకటి తింటే ఏం కాదు. తడి ఉన్న గింజల బూజు పడ్తది, దాంట్ల విషం ఉంటది. ఏండ్లకేండ్లు తింటే కాలేయం పాడైతది. వేయించినా పూర్తిగ పోదు. బస్టాండ్ల పల్లిపట్టి ఎక్కువ తినేది బడి పిల్లలు మామా."

కురుమూర్తి లెక్క వేశాడు. వేయకుండా ఉండలేడు. అరవై సంచులు ఈ పూట పోకపోతే శివశంకర్ తిమ్మాజిపేటకు ఫోన్ చేస్తాడు. పోతే, నీలిరంగు గుర్తుతో ఇంకో అరవై సంచులు అక్కడ గోడకు ఆనుకుని ఉంటాయి. వాటన్నిటినీ తిప్పి పెట్టడానికి ఎన్నిసార్లని గద్వాల పోతాడు?

లేచి మిల్లులోకి పోయాడు.

"కాంతమ్మా, మిషన్ వద్దు. కాయ మొత్తం కల్లం మీద పరుచుర్రి. పల్చగ, వేలు మందం."

"లారీ పదింటికి వస్తది గద అయ్యా?"

"వస్తే వాపస్ పోతది."

కాంతమ్మ పక్కామె ముఖం చూసింది. ఇద్దరూ పారలు తీసుకున్నారు. తడి కాయ నేల మీద పడుతుంటే గలగల లేదు, దబదబమని మెత్తటి చప్పుడు. రెండు గంటల్లో ఎండ పైకొచ్చింది. కల్లం నిండా కాయ పరుచుకుంది. కురుమూర్తి చెప్పులు విడిచి, అరికాళ్లతో కాయను తిరగేస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. అట్లా నడిచి ఎన్నేళ్లయిందో.

సౌందర్య కాగితాలన్నీ వసారా గట్టు మీద పరిచి, గాలికి పోకుండా చెంబు పెట్టింది. కురుమూర్తి వచ్చి పక్కన కూర్చుని, శివశంకర్‌కు ఫోన్ కలిపాడు. కోడలికి కూడా వినబడేటట్టు పెట్టాడు. ఎవరి మాటైనా ఇంకొకరి ముందు చెప్పిస్తేనే నిలుస్తుందని అతని నమ్మకం. మునిగేటప్పుడు ఒక్కడే మునగడం కూడా అతనికి ఇష్టం లేదు.

"లోడు రెండు దినాలు ఆలస్యమైతది శివశంకర్."

"అదేందన్నా! నిన్ననే గద మాటిచ్చింది. ఏమైంది?"

"కాయ తడి ఉంది. ఆరబెడ్తున్న."

శివశంకర్ నవ్వాడు, దాచేదేమీ లేని మనుషుల మధ్య నవ్వే నవ్వు.

"తడి ఎప్పుడు లేదన్నా? పదేండ్ల నుంచి తీసుకుంటలేనా? పంపుర్రి, ఏం కాదు. ఇక్కడ వేయిస్తం గద."

"రెండు దినాలు," అని ఫోన్ పెట్టేశాడు కురుమూర్తి. కోడలి దిక్కు తిరిగాడు. "విన్నవ్ గద. అది గూడ రాయి."

"రాస్త మామా. కానీ ఆయన టైపు కాగితం మీద సంతకం పెట్టిండు, ఫోన్ల మాట మీద పెట్టలే." సౌందర్య చెంబు కింద నుంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. "మీది ఇంక మిగిలింది. నిన్ననే రాసిన. ఇష్టం లేకుంటే పెట్టకుర్రి. అలివేలమ్మ గూడ పెట్టలే, ఏం కాదు."

కురుమూర్తి కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. చదవకుండా దేని మీదా సంతకం పెట్టిన మనిషి కాదు. మొదటి నుంచి చివరి దాకా చదివాడు, మళ్లీ మొదటికొచ్చాడు. పిల్ల చేతిరాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మామ మీద గౌరవం కూడా కనబడుతోంది. మిల్లు పేరు రాయలేదు, ఊరు రాయలేదు. కాయ రైతుల దగ్గర కొంటామనీ, జల్లెడ పడతామనీ రాసి, ఆ తర్వాత ఒక వాక్యం పెట్టింది.

'గింజ పగలకుండా ఉండడానికి ఒలిచే ముందు కాయ మీద అప్పుడప్పుడు నీళ్లు చల్లుతాము.'

"పెన్ను ఇటియ్యి," అన్నాడు.

సౌందర్య ఇచ్చింది. కురుమూర్తి కాగితం తొడ మీద సరిగ్గా పెట్టుకుని, 'అప్పుడప్పుడు' అన్న మాటను అడ్డంగా ఒకే గీతతో కొట్టేశాడు. దాని నెత్తిన చిన్న అక్షరాలతో 'ప్రతిసారి' అని రాసి, కింద సంతకం పెట్టాడు.